నీళ్ళ మీద ఎగిరొచ్చిన గుండు

నేను ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివాను. ఆ లెక్కన పదో తరగతి దాకా చదివినట్టే కదండీ అని మా హెడ్మాస్టారితో వాదించాను కూడా. ఆయన "లెక్క కరెక్టే. మిగతా సబ్జెక్టులు కూడా ఇలాగే వచ్చుంటే మనిద్దరికీ ఈ గొడవ ఉండేది కాదు" అని టీసీ చేతిలో పెట్టారు. సైన్సు పుస్తకంలో మనిషి ఒంటి లోపలి బొమ్మ ఒకటి ఉండేది. మూడేళ్ళూ దాన్ని చూశాను. గుండెకి కళ్ళజోడు పెట్టాను, పేగులకి జడ వేశాను, కాలేయానికి మీసాలు దిద్దాను. ఏది ఏ పక్కన ఉంటుందో మాత్రం చూడలేదు. నలభై దాటాక ఒక పొద్దున్న అది తెలియాల్సిన అవసరం వచ్చింది.

మాది భీమవరం పక్కన రొయ్యల చెరువుల ఊరు. చెరువు నీళ్ళకి గాలి అందడానికి ఏరియేటర్లు తిప్పుతారు. వాటి మోటార్లు బాగుచేయడం నా పని. మా అక్క మొగుడు ఊరి చివర నాలుగెకరాల చెరువు చేస్తున్నాడు. ఆయన మోటార్లకి నేను కూలి తీసుకోను. బదులుగా ఆయన్ని నోటికొచ్చినట్టు ఏడిపించుకుంటాను. బావా బామ్మర్దుల మధ్య అది ఎవరూ కాదనలేని హక్కు. ఆయనా తక్కువేం కాదు. "ఒరేయ్, నువ్వు మోటారు బాగుచేస్తే అది బతికినంతకాలం నిన్ను తిట్టుకుంటూ తిరుగుతుందిరా" అనేవాడు. ఇద్దరిలో ఎవరు ముందు నిజంగా మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు. ఇరవై ఏళ్ళుగా అదే ఆట. ఒకసారి బావకి పాము కరిచిందని అక్కకి ఫోన్ చేశాను. ఇంకోసారి బావ చెరువులో పడ్డాడన్నాను. రెండుసార్లూ ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. మేమిద్దరం మోటారు షెడ్డులో కూర్చుని టీ తాగుతూ కనిపించాం.

చెరువులకి పిట్టల బాధ ఉంటుంది. ముఖ్యంగా నీటికాకులు. నల్లగా, పొడుగు మెడతో ఉంటాయి. మునిగిన చోట తేలవు, ఇంకెక్కడో తేలతాయి. అవి రొయ్యల్ని తింటే తిన్నాయి, ఒక చెరువులో జబ్బు రొయ్యని ఇంకో చెరువులో పడేస్తే ఆ చెరువు కూడా పోతుంది. అందుకని పైన దారాలు కడతారు, టపాకాయలు పేలుస్తారు. మా బావ దగ్గరికి రోజూ పొద్దున్నే ఒక ముసలాయన నాటు తుపాకి పట్టుకుని వచ్చేవాడు. అందరూ ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళు. గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, ఇనప చువ్వతో దట్టించి పేల్చేవాడు. అందులో గుండు ఉండేది కాదు, చప్పుడే.

ఆ శీతాకాలం నీటికాకులు ఈ మోసం కనిపెట్టేశాయి. వెదురు గడల మీద రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటూ కూర్చునేవి. తాత పేల్చగానే ఎగరడం మానేసి, మెడ తిప్పి ఆయన వైపు చూసేవి, అంతే. వారం రోజులు అలా చూశాక తాత చిన్నబోయాడు. "నన్ను లెక్కచెయ్యడం లేదండి" అన్నాడు బావతో. "ఒక్కదాన్ని పడగొట్టానంటే మిగతావి వస్తాయాండి? గొట్టంలో వెయ్యడానికి ఏమన్నా ఉంటే చూడండి."

నా సంచిలో పాడైపోయిన బేరింగు ఒకటి ఉంది. దాన్ని పగలగొట్టి లోపలి ఇనప బాల్సు నాలుగైదు ఆయన అరచేతిలో పోశాను. బఠాణీ గింజంత కూడా లేవు. "ఇవి ఇన్నేళ్ళూ గుండ్రంగా తిరిగాయి తాతా. నేరుగా వెళ్ళడం నువ్వే నేర్పాలి" అన్నాను. తాత నవ్వాడు. బావ కూడా నవ్వి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే ట్రే పైకి తీయడానికి అవతలి గట్టు మీదికి వెళ్ళాడు.

మంచు బాగా కురుస్తోంది. అవతలి గట్టు మీద బావ నడుం దాకానే కనిపిస్తున్నాడు, కాళ్ళు లేనట్టు. ఒక మోటారు విప్పడానికని నేను ఏరియేటర్లన్నీ ఆపించాను. రాత్రీ పగలూ తిరిగే చక్రాలు ఆగిపోతే చెరువు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ. అద్దం పరిచినట్టు అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు నా చెవులే మోగుతున్నట్టు అనిపించింది.

తాత ఒక బాలు గొట్టంలో వేసి దట్టించి, గడల మీద కూర్చున్నవాటికి కాకుండా నీళ్ళ మీద తేలుతున్న ఒకదానికి గురిపెట్టాడు. పేలింది.

నీళ్ళ మీద చిన్న చుక్క లేచింది. దానికి అవతల ఇంకోటి. ఇంకాస్త అవతల మరోటి. చిన్నప్పుడు కాలవలో పెంకుముక్క విసిరితే ఎగురుకుంటూ పోయేది చూడండి, అచ్చం అలాగే. పిట్ట మునిగిపోయింది. చుక్కలు మాత్రం వరసగా మంచులోకి వెళ్ళాయి. భలే ముచ్చటగా ఉందే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ వరస ఎక్కడ ఆగిందో చూస్తే బావ దగ్గర ఆగింది.

"ఏదో కుట్టిందిరా" అన్నాడు బావ. నిశ్శబ్దంగా ఉందేమో, నాలుగెకరాల అవతల నుంచి పక్కనే ఉన్నట్టు వినిపించింది.

గట్టు చుట్టూ తిరిగి వెళ్ళాను. కుడి పక్కటెముకల కింద చొక్కాకి చిన్న బొక్క. చొక్కా ఎత్తితే ఒంటి మీద మినప్పప్పు బద్దంత గుర్తు, అంచు నల్లగా. రక్తం పెద్దగా లేదు.

"దోమని చంపితే ఇంతకన్నా ఎక్కువ వస్తుంది బావా" అన్నాను.

"అది నీ రక్తం తాగిన దోమ అయ్యుంటుంది. కల్తీ" అన్నాడు.

తల తిప్పి చూశాను. గడల మీది నీటికాకి ఒక్కటీ లేవలేదు. రెక్కలు చాపుకునే ఉన్నాయి. ఈసారి మెడలు తాత వైపు లేవు, మా వైపు ఉన్నాయి.

బావ వంగి ట్రేలో మేత చూశాడు. "మిగిల్చాయిరా, రేపు తగ్గించాలి" అన్నాడు. గట్టు మీద తనంతట తనే నడిచొచ్చాడు. షెడ్డులో ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుని తాగాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాకు తెలిసిన తుపాకి దెబ్బలన్నీ సినిమాలో చూసినవే. తగిలినవాడు వెనక్కి ఎగిరి పడాలి, లేదా గుండు చేత్తో పీకి పారేసి లేవాలి. టీలో పంచదార తక్కువైందని అనడం నేనెక్కడా చూడలేదు.

తాత తుపాకి కింద పెట్టి బావ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నీళ్ళ మీదికే పెట్టానండి, నీళ్ళలోకి పోతుందనుకున్నానండి" అని అదే మాట పదిసార్లు అన్నాడు. ఆ తుపాకికి కాగితాలు లేవు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"హాస్పిటల్లో తుపాకి అని చెప్తే పోలీసులొస్తారు" అన్నాడు బావ నాతో. "ఈ వయసులో ముసలాయన్ని లాక్కెళ్తారు. ఏదో ఒకటి చెప్పరా. నీకు అబద్ధాలు కొత్తా?"

కొత్త కాదు. షెడ్డు దాటేలోపే కథ తయారైంది. ఏరియేటరు తిరుగుతుండగా బోల్టు ఊడి ఎగిరొచ్చి తగిలింది. ఎవరడిగినా అదే.

ఊళ్ళో మందులిచ్చే ఆర్‌ఎంపీ డాక్టరుగారి దగ్గరికి బండి మీద తీసుకెళ్ళాను. ఆయన గాయం తుడుస్తుంటే నేను చేతులు తిప్పుతూ చక్రం ఎలా తిరిగిందో, బోల్టు ఎలా ఊడిందో, బావ ఎలా గెంతాడో చేసి చూపించాను. బావ కూడా నవ్వాడు, ఆయనైతే నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరికి మాత్రం, "లోపల ఏమీ ఉండిపోలేదు కదా?" అన్నాడు.

అక్కడ ఆగుండొచ్చు నేను. తెలీదండి అంటే సరిపోయేది. కానీ కథ బాగా నడుస్తోంది. "అబ్బే, బోల్టు అక్కడే దొరికిందండి, ఇదిగో" అని జేబులోంచి ఒక బోల్టు తీసి బల్ల మీద పెట్టాను. నా జేబులో ఎప్పుడూ నాలుగు బోల్టులు ఉంటాయి. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "అదృష్టవంతుడు" అని దూదితో కట్టుకట్టి, టీటీ ఇంజెక్షన్ వేసి, కాసేపు కూర్చుని వెళ్ళమన్నాడు.

బయట బల్ల మీద కూర్చున్నాం. బావ ఆవులించాడు. మళ్ళీ ఆవులించాడు. ఆపకుండా ఆవులిస్తున్నాడు, నిద్ర కళ్ళు మాత్రం కాదు. మంచినీళ్ళు అడిగాడు. తాగి, మళ్ళీ అడిగాడు. అంత చలిలో మెడ మీద చెమట. చెవులు కొవ్వొత్తి రంగులోకి వచ్చాయి. అన్నిటికీ ఒక మాట విసురుతూనే ఉన్నాను.

"దుప్పటి ఉందేమో అడగరా" అన్నాడు.

"ఏం బావా, పెళ్ళినాటి సిగ్గు ఇప్పుడొచ్చిందా, ముసుగేసుకుంటావా?" అన్నాను.

తిరిగి ఏదో అంటాడని చూశాను. ఆయన నా వైపు చూశాడు, మర్యాదగా, బస్సులో పక్కన కూర్చున్న తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. ఇరవై ఏళ్ళలో నా మాటకి ఆయన బదులు ఇవ్వకపోవడం అదే మొదటిసారి. నాకు భయం అప్పుడు వేసింది. గుండు తగిలినప్పుడు కాదు.

ఎదురింటి ఆటో మాట్లాడి భీమవరం బయల్దేరాం. రోడ్డుకి రెండు వైపులా చెరువులే. మంచులో గడలు, గడల మీద నీటికాకులు, అన్నీ రెక్కలు చాపుకుని. మైళ్ళ తరబడి అవే. బావ తల నా భుజం మీద ఉంది. మామూలు బరువు లేదు. అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, బావకి తుపాకి గుండు తగిలింది."

"నిరుడు పాము, ఇప్పుడు గుండా? పొయ్యి మీద కూరుందిరా, పెట్టెయ్" అంది.

"ఒట్టు అక్కా."

"ఆయనకివ్వు ఫోను."

బావ చెవి దగ్గర పెట్టాను. ఆయన వింటున్నాడు కానీ మాట్లాడలేదు. అటు నుంచి అక్క, "ఇద్దరూ కలిసే ఆడుతున్నారన్నమాట" అని కట్ చేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

హాస్పిటల్లో క్యాజువాలిటీలో ఒక డాక్టరమ్మ ఉన్నారు. నాకంటే చిన్నావిడ. బావ చెయ్యి పట్టుకుని నాడి చూశారు, కళ్ళ కింద చర్మం లాగి చూశారు, కట్టు విప్పారు. బావ పొట్ట కాస్త ఉబ్బినట్టుంది. దాని మీద చెయ్యి వేసినప్పుడు ఆవిడ మొహం మారింది.

"ఏం తగిలింది?"

"బోల్టండి" అన్నాను. నోరు దానంతట అదే అంది.

"ఎంత బోల్టు?"

వేళ్ళతో చూపించాను. ఆవిడ నా వేళ్ళ మధ్య ఖాళీని చూసి, బావ ఒంటి మీద బద్దంత గుర్తుని చూసి, మళ్ళీ నా వేళ్ళ వైపు చూశారు.

"అంత బోల్టు ఇంత సందులోంచి ఎలా వెళ్ళిందండీ?" అన్నారు. గొంతు పెంచలేదు. "మీరు ఎవర్ని కాపాడుతున్నారో నాకు అనవసరం. బోల్టు పైన తగిలితే నేను ఒక రకంగా చూస్తాను. లోపలికి ఏదైనా వెళ్ళుంటే ఇప్పుడే పొట్ట తెరవాలి. ఏది? త్వరగా చెప్పండి."

తాత మోకాళ్ళ మీద కూలబడిన తీరు కళ్ళముందుకి వచ్చింది. ఇంకో ముక్క కలుపుదామా అని కూడా అనిపించింది, ఎందుకు దాచాలి. అంతలో బావ పైకప్పు వైపు చూస్తూ, చాలా మామూలుగా, "నీటికాకులు లోపలికి వచ్చేశాయేంట్రా? లేపకు. కూర్చోనీ" అన్నాడు.

నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. నేను కూడా పైకి చూశాను. సెలైన్ సీసాలు తగిలించే స్టాండ్లు తప్ప ఏమీ లేవు.

"తుపాకండి" అన్నాను. "గుండు నాదండి. బేరింగు బాలు. నీళ్ళ మీద ఎగిరొచ్చి తగిలింది. రెండు గంటలవుతోంది."

ఆ తర్వాత ఎవరూ నన్ను పట్టించుకోలేదు. స్కానింగు మిషను తోసుకొచ్చారు, రక్తం కోసం పరుగెత్తారు, బావని లోపలికి తీసుకుపోయారు. వరండాలో ఒక్కణ్ణే నిలబడ్డాను. కాసేపటికి అక్క వచ్చింది, చెప్పులు లేకుండా. నేను రెండుసార్లు ఫోన్ చేస్తే నమ్మని మనిషి ఎలా వచ్చిందంటే, ఆవిడ నా ఫోను కట్ చేసిన కాసేపటికి తాత వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడట. "అమ్మా, నేను మీ ఆయన్ని కాల్చానమ్మా" అని చెప్పి, అటునుంచి అటే తుపాకి భుజాన వేసుకుని పోలీస్ స్టేషనుకి నడిచి వెళ్ళిపోయాడట. నేను డాక్టరమ్మకి వేళ్ళతో బోల్టు కొలత చూపిస్తున్న వేళకి ఆయన స్టేషను మెట్లు ఎక్కుతున్నాడు. నేను ఎవరి కోసమైతే దాచానో ఆయన ఏమీ దాచలేదు.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చారు. బతికాడు అన్నారు. కాలేయం చీలిందట. కుడి పక్కనే ఉంటుందట అది. పొట్ట నిండా రక్తమేనట, ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమన్నారు.

మర్నాడు ధైర్యం చేసి అడిగాను. "అసలు తుపాకి గుండు తగిలితే మనిషి బతుకుతాడాండీ?"

"చాలామందే బతుకుతారు" అన్నారు. "దేన్ని తాకిందో చూడాలి. సినిమాలో భుజానికి తగిలితే హీరో గుడ్డ కట్టుకుని ఫైటింగ్ చేస్తాడు. అక్కడ పెద్ద రక్తనాళం ఉంది, తెగితే గుడ్డ వెతికేలోపే పోతాడు. తలకి తగిలినవాళ్ళు కూడా కొందరు ఇంటికి వెళ్తారు. నిమిషాలు ముఖ్యమండి. రక్తం బయటికి కారితే ఊరంతా పరుగెత్తుతుంది. లోపల కారితే మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, అందరూ బాగున్నాడనుకుంటారు."

"మరి ఆ బాలు ఏదండీ?" అని చెయ్యి చాపాను. సినిమాల్లో గిన్నెలో టంగుమని పడేస్తారు కదా.

"లోపలే ఉంది. వెన్ను పక్కన కండలో. దాని కోసం కోస్తే అది చేసినదానికన్నా మేం ఎక్కువ చేస్తాం. ఉంటుంది, ఫర్వాలేదు. ఎప్పుడైనా ఎమ్మారై తీయాలని ఎవరన్నా అంటే మాత్రం ముందే చెప్పాలి, ఇనుము కదా, అయస్కాంతం లాగుతుంది" అని ఒక కాగితం రాసిచ్చారు. అక్క దాన్ని దేవుడి పటాల వెనక పెట్టింది.

ఎక్స్‌రే నేను చూశాను. బూడిదరంగు ఎముకల మధ్య తెల్లటి చుక్క. బావ ఒంట్లో అంత స్పష్టంగా ఉన్నది అదొక్కటే.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. తుపాకి తీసుకున్నారు. తాత మీద కేసు ఉంది, వాయిదాలకి బావే బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్తాడు. చెరువుకి ఇప్పుడు టపాకాయలే.

ఇంతవరకూ పర్వాలేదు. నాకు నిద్ర పట్టనిది వేరే ఉంది. ఇంటికి వచ్చిన నెలకి బావతో మాట్లాడుతూ, ఆ రోజు టీలో పంచదార తక్కువైందన్నావు చూడు బావా, అన్నాను.

"టీ ఎక్కడ తాగానురా?" అన్నాడు.

ఆడుతున్నాడనుకున్నాను. కాదు. ఏదో కుట్టినట్టు ఉండటం గుర్తుందట. ఆ తర్వాత కళ్ళు తెరిస్తే తెల్ల గది, అక్క మొహం. మధ్యలో ఏమీ లేదు. ట్రే చూసిందీ, మేత తగ్గించాలన్నదీ, నా రక్తం కల్తీ అన్నదీ, బోల్టు కథకి నవ్విందీ ఏమీ తెలియదు. మరి గట్టు మీద నడిచొచ్చి, నా పక్కన కూర్చుని, ఫ్లాస్కు మూత తీసింది ఎవరు? దానికి డాక్టరమ్మ ఏదో చెప్పారు, రక్తం తగ్గితే బుర్ర దాచుకోదని. అర్థమయ్యింది. అయినా ఆ షెడ్డులోకి ఒక్కణ్ణే వెళ్ళినప్పుడు ఆ ఫ్లాస్కు వైపు చూడను.

ఇంకొకటి కూడా ఉంది. ఏదో ఒకటి చెప్పరా అని బావ అన్న మాట కూడా ఆ పోయినదాంట్లోనే పోయింది. అబద్ధం చెప్పమన్నది ఆయనే అనడానికి ఇప్పుడు సాక్షిని నేనొక్కణ్ణే. తాత ఆ టైములో ఏడుస్తున్నాడు, వినలేదంటాడు. నా మాట ఎవరు నమ్ముతారు?

ఆ మధ్య ఒకరోజు అక్కా వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాను. బావ పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నాడు. నడుం వెనక వేలితో నొక్కి చూసుకుంటున్నాడు, ఇప్పుడది అలవాటైపోయింది. అక్క ఆయన వైపే చూస్తోంది, గరిటె గిన్నెలోనే ఆపేసి. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. నవ్విద్దామని, "తుపాకి గుండు తగిలినా మనిషి బతుకుతాడనడానికి మీ ఆయనకంటే సాక్ష్యం ఏం కావాలే అక్కా" అన్నాను.

అక్క నా కంచంలో కూర వేసింది.

"గుండు నుంచి డాక్టరమ్మ బతికించార్రా. నీ నుంచి మాత్రం ఆయనంతట ఆయనే బతికి బయటపడ్డాడు."